మూరెడు ఎక్కువైన జీపు

జీపును చూసి పెద్దదో చిన్నదో చెప్పేవాళ్లంతా దాని మూతిని చూసి చెబుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బానెట్టు ఎత్తుగా ఉంటే పెద్ద బండి, చప్పిడిగా ఉంటే చిన్న బండి, అంతే వాళ్ల తెలివి. ఆ తెలివి వల్లే మా అన్నకు ఎడమ మోకాలు పోయింది, మంచి డ్రైవరన్న పేరూ పోయింది. మోకాలు ఎటూ తిరిగి రాదు. పేరును తిరిగి తెప్పించడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ నేను ఒక మనిషి మీది పగతోనే నిద్ర లేచాను. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

డెబ్బైల మొదట్లో హోసూరులో, బాగలూరు పోయే రోడ్డు మీద నాకొక రేకుల షెడ్డు ఉండేది. జీపులకు టార్పాలిను టాపులు కుట్టేవాణ్ణి. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మా నాన్న గొర్రె బొచ్చుతో కంబళ్లు నేసేవాడు, టేపు అన్నదే ఎరగడు. వేళ్లు, బెత్తెడు, జాన, రెండు జానలైతే మూర, వీటితోనే నేత, వీటితోనే అమ్మకం. నేనూ జీపులను అట్లాగే కొలిచాను. ఒక్కో బండికి ఒక్కో నూలుతాడు తీసుకుని, ముడులు వేసి, గోడకు మేకు కొట్టి తగిలించేవాణ్ణి. బండి యజమాని మళ్లీ అయిదేళ్లకు వచ్చినా ఆ తాడు తీస్తే చాలు, గుడ్డ కత్తిరించవచ్చు.

టాపు కుట్టేవాడి కొలత అద్దం దగ్గర మొదలై తోక దగ్గర ఆగిపోతుంది. ముందు బానెట్టుతో మాకు పని లేదు, కింద చక్రాలతో అసలే పని లేదు. అయినా మా పక్క ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పాత జీపు కొనాలన్నా, కొత్తగా బాడీ కట్టించుకున్నా, ముందు టాపు మేస్త్రి దగ్గరికి తెచ్చి తాడు వేయించేవాళ్లు. మేస్త్రి కొలిచి "సరిగ్గా ఉండాది" అంటే, ఇక ఆ బండికి ఎవరూ వంక పెట్టేవాళ్లు కాదు. మేము చూసేది పైగుడ్డ సంగతి మాత్రమేనని వాళ్లకు తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ తెలియదు. నలుగురూ మర్యాద ఇస్తుంటే మేము మొత్తం బండికే వైద్యులమన్నట్టు మీసం దువ్వుకునేవాళ్లం.

అప్పట్లో రోడ్డు మీద రెండు రకాల జీపులు తిరిగేవి. మిలిటరీ వాళ్లు వాడి వదిలేస్తే వేలంలో బయటికి వచ్చిన పాతవి ఒక రకం. బానెట్టు అణిగినట్టు ఉండేది కాబట్టి వాటిని చప్పిడిముక్కు జీపులు అనేవాళ్లం. రెండోది తర్వాత వచ్చిన ఎత్తు బానెట్టు రకం. దానిలో ఇంజను నిలువు ఎక్కువ కాబట్టి మూత బెత్తెడు పైకి లేచింది. ఆ బెత్తెడుకే జనం మతులు పోయాయి. చప్పిడిముక్కులో ఎనిమిది మంది ఎక్కితే దీంట్లో పన్నెండు మంది ఎక్కవచ్చని ఎవరు పుట్టించారో గానీ, కృష్ణగిరి నుంచి తళి దాకా అందరూ అదే మాట.

మా అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. కృష్ణగిరిలో ఒక మామిడి మండీ సావుకారు దగ్గర డ్రైవరు. ఆయన తోలే తీరు చూడాలి. గుంతల రోడ్డు మీద కూడా వెనక కూర్చున్న ముసలమ్మ చేతిలో తాంబూలం పళ్లెం కదిలేది కాదు. ఊరికి వస్తే పిల్లలు ఆయన ఖాకీ చొక్కా పట్టుకుని తిరిగేవాళ్లు. గొర్రెల వెనక నడిచిన ఇంట్లోంచి స్టీరింగు పట్టిన మొదటి మనిషి. మా నాన్న పోయే ముందు దాని గురించే గొప్పగా చెప్పుకుని పోయాడు.

ఆ సావుకారు ఎత్తు బానెట్టు జీపు కొన్నాడు. కొన్నవాడు ఊరికే ఉన్నాడా? పెద్ద బండి కదా, ఇంకాస్త పెద్దది చేద్దామని వెల్డింగు షాపులో వెనక బాడీని కోయించి మూరెడు పొడిగించాడు. అడ్డంగా ఇంకో బెంచీ వేయించాడు. తర్వాత టాపు కోసం నా దగ్గరికి తెచ్చాడు. తోలుకొచ్చింది మా అన్నే, పక్కన సావుకారు. నేను అద్దం నుంచి తోక దాకా తాడు లాగాను. మూరెడు ఎక్కువ గుడ్డ, ఎక్కువ కుట్టు, నా చేతిపని నలుగురి కంటా పడుతుందన్న సంబరం. సావుకారు అడిగాడు.

"ఎట్లుండాది మేస్త్రీ?"

"పెండ్లి పందిరి మాదిరి ఉండాది సావుకారూ. సరిగ్గా ఉండాది" అన్నాను.

మా అన్న వెనక చక్రం దగ్గర వంగి ఏదో చూస్తున్నాడు. నేను పట్టించుకోలేదు.

మూడు నెలలు తిరగకుండానే ఆ జీపు తళి రోడ్డులో పడింది. ఒక పల్లెలో నిశ్చితార్థానికి సావుకారు బంధువులను ఎక్కించి పంపారు. పదమూడు మంది, పండ్ల గంపలు వేరే. ఎక్కుడులో, రోడ్డు పైకెక్కేచోట, ఒక మలుపు ఉంది. అన్న స్టీరింగు తిప్పాడు, బండి తిరగలేదు. మలుపు ఒక పక్కకు పోతే బండి తిన్నగా పోయి గుంతలో ఒరిగింది. ఒక పెద్దావిడకు భుజం ఎముక విరిగింది, మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. మా అన్న ఎడమ మోకాలు మాత్రం డ్యాషుబోర్డు కింద నలిగిపోయింది. క్లచ్చు తొక్కే కాలు అది.

నేను ఆస్పత్రికి పోయి, అక్కణ్ణుంచి మండీకి పోయాను, సావుకారు ఒక మంచి మాటైనా అంటాడేమోనని. పండు వేలం జరుగుతోంది. రైతులు, దలారులు, హమాలీలు, మండీ నిండా జనం. నన్ను చూసి గొంతు పెంచి అన్నాడు.

"గొర్రె తోక పట్టుకోవాల్సిన చేతికి స్టీరింగు ఇస్తే ఇదే గతి. బుద్ధి లేక ఇచ్చినాను. పో, మీ అన్నకు మంద తోలుకోమని చెప్పు."

మండీ అంతా నవ్వింది. నవ్వినవాళ్లలో మా అన్న తోలిన బండిలో పెళ్లిళ్లకు పోయి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ రోజు నుంచి హోసూరులో గానీ కృష్ణగిరిలో గానీ ఒక్కడూ మా అన్నను బండి దగ్గరికి రానివ్వలేదు. కాలు కొంచెం కుదిరాక, ట్రాక్టరు తోలుతానని పోయినా ఇవ్వలేదు. కుదిరిన సంబంధం వాళ్లు మెల్లగా మొహం చాటేశారు. నేను ఆయన్ను మా ఇంటికి తెచ్చుకున్నాను. నా భార్య అన్నం పెట్టింది, నేను ఇరవై గొర్రెలు కొనిచ్చాను. కుంటుకుంటూ వాటి వెనక బాగలూరు రోడ్డు గట్ల మీద తిరిగేవాడు. సావుకారు నోటి మాటను నేనే నిజం చేసి పెట్టానని తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

బండి పడిన ఆ రోజుల్లోనే, దాన్ని గుంతలోంచి తీయకముందే నేను అక్కడికి పోయాను. జీవితంలో మొదటిసారి చక్రాల మధ్య తాడు వేశాను. ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డు దాకా నాలుగు మూరల మీద జానకు కాస్త తక్కువ. తిరిగి వచ్చి, షెడ్డుకు వచ్చిన ఒక చప్పిడిముక్కు జీపుకు అదే తాడు పట్టాను. ముడి దగ్గర ముడి, వెంట్రుకవాసి తేడా లేదు. బంపరు నుంచి తోకకు కొలిచాను. మూరెడు పొడిగించని ఎత్తు బానెట్టు బండి ఏడు మూరల బెత్తెడు, చప్పిడిముక్కూ ఏడు మూరల బెత్తెడే. అడ్డం కూడా అంతే, మూడు మూరల బెత్తెడు. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ పెద్ద బండి, పెద్ద బండి అని ఊరంతా ఊగింది ఒట్టి మూతిని చూసి. కిందంతా అదే బండి. వెనక కలిపిన మూరెడు చక్రం మీద లేదు, చక్రం దాటి గాలిలో వేలాడుతోంది. అక్కడ మనుషులు కూర్చుంటే వెనక కుంగి ముందు తేలుతుంది. ఎక్కుడులో ఇంకా తేలుతుంది. తేలిన చక్రం ఎంత తిప్పినా మట్టిని పట్టుకోదు.

నాకు అప్పుడే చెప్పుకోవాలని ఉండింది. ఎవరికి చెప్పాలి? టాపు కుట్టేవాడు చక్రాల సంగతి మాట్లాడితే ఎవరు వింటారు? పైగా వాడు కుంటివాడి తమ్ముడు. అందుకని నోరు మూసుకున్నాను. షెడ్డుకు వచ్చిన ప్రతి జీపుకూ అద్దం నుంచి తోక కొలిచాక, అడగకపోయినా చక్రం నుంచి చక్రానికి కొలిచేవాణ్ణి. జనానికి ఇది పిచ్చిగా కనిపించింది. ఆ పిచ్చి ముదిరి నాకు గొప్ప పేరు తెచ్చింది. ఊత్తంగరై నుంచి కూడా బండ్లు తెచ్చి నా చేత కొలిపించుకుని పోయేవాళ్లు. ఆ సావుకారు కూడా ఒకనాడు నా దగ్గరికే రావాలి, నా తాడు కిందికే రావాలి. నా కోరిక అదొక్కటే.

ఎనభైల్లో మూడో రకం జీపు వచ్చింది. డీజిలుది. చక్రాల మధ్య నిండుగా అయిదు మూరలు. అంటే వెనకటి రెండు రకాల కంటే జాన మీద రెండు మూడు వేళ్లు ఎక్కువ. తోకను సాగదీయకుండా నడుమునే పెంచిన బండి. మొదటిసారి దాన్ని కొలిచినప్పుడు, మూడింటిలోకీ నిజంగా పెద్దది ఇదొక్కటే అని నాకు తెలిసింది. దాని బానెట్టు కూడా కొంచెం ఎత్తే, కానీ నేనిక మూతులు చూడటం మానేశాను.

సావుకారు ఆ కొత్త రకం కొన్నాడు. ఒక పొద్దున పదింటికి రెండు జీపులూ నా షెడ్డు ముందు ఆగాయి. కొత్తదానికి టాపు కావాలి, తళి రోడ్డులో పడ్డాక బాగుచేయించుకున్న పాతదాన్ని అమ్మాలి. ఊత్తంగరై నుంచి ఒక రైతు కొనడానికి వచ్చాడు, జనాన్ని ఎక్కించి ట్రిప్పులు తోలుకోవాలని ఆయన ఆశ. సావుకారు వెంట్రుకలు నెరిశాయి గానీ గొంతు అదే.

"మేస్త్రీ, తాడు వెయ్యి. నా పాత బండి ఈ కొత్త బండి అంత ఉండాది. అందరికీ చెప్పు."

టీ అంగడి దగ్గరున్నవాళ్లు, సంతకు ఎద్దులు తోలుకుపోయేవాళ్లు అంతా మూగారు. నేను బంపరు నుంచి తోకకు కొత్తది కొలిచి ఎనిమిది మూరల బెత్తెడు అని అరిచాను. పాతది కొలిచి ఎనిమిది మూరల బెత్తెడు అని అరిచాను. జనం హో అన్నారు. సావుకారు రొమ్ము విరుచుకున్నాడు. ఆయన్ను ఇంకాస్త విరుచుకోనిచ్చాను. అప్పుడు చక్రాల మధ్య కొలిచాను. కొత్తది అయిదు మూరలు. పాతది నాలుగు మూరల మీద జాన కూడా లేదు.

"మిగతాది యాడుండాది మేస్త్రీ?" అని ఊత్తంగరై రైతు అడిగాడు.

"చక్రం దాటి వెనక వేలాడుతా ఉండాదప్పా."

"అయితే ఏమి? వేలాడితే ఏమవుతుంది?" అన్నాడు సావుకారు.

"ఏమీ కాదు సావుకారూ. మీరే ఒకసారి తోలి చూపిస్తే ఆయనకు ధైర్యంగా ఉంటుంది."

నా షెడ్డుకు రోడ్డు మీద నుంచి ఒక మట్టి ఎక్కుడు ఉండేది, పైన ఎడమకు మలుపు, మలుపు అంచున కిత్తనార కంచె. మూగిన జనంలోంచి నేను పదిమందిని వెనక ఎక్కించాను. లావుపాటి వాళ్లనే ఏరి ఎక్కించాను, అబద్ధం ఎందుకు? సావుకారు తెల్ల పంచె ఎగగట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. జీపు ఎక్కుడు పట్టింది. మలుపులో ఆయన స్టీరింగును ఎడమకు తిప్పాడు, ఇంకా తిప్పాడు. ముందు చక్రాలు ఎడమకే చూస్తున్నాయి, బండి మాత్రం తిన్నగా పోయి కిత్తనారలో దూరింది. వెనకవాళ్లు నవ్వుతూ దూకేశారు. సావుకారు ముళ్లలోంచి దిగేసరికి పంచె ఒక పక్క చిరిగి వేలాడుతోంది. నేను దగ్గరికి పోయి అందరికీ వినపడేటట్టు అడిగాను.

"ఏమి సావుకారూ, ఇవి కూడా గొర్రె తోక పట్టే చేతులేనా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, మండీలో తానన్న మాట. మొహం నల్లబడిపోయింది. నాకు కడుపు నిండింది. ఇప్పటికీ ఆ మొహం తలుచుకుంటే నిండుతుంది.

"నీకేమి కావాల?" అన్నాడు.

"మీ మండీలో, వేలం జరిగేటప్పుడు, ఆ పొద్దు నవ్వినవాళ్ల ముందర మా అన్నది తప్పు కాదని చెప్పాల. అంతదాకా ఈ కొత్త బండికి కత్తెర పెట్టను."

"హోసూరులో నువ్వొక్కడివేనా మేస్త్రీ?" అని ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఊత్తంగరై రైతు పాత జీపు వద్దని బస్సెక్కాడు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు తాడు వేసిన బండికి, ఆ మేస్త్రి వదులుకుంటే తప్ప, ఇంకొకరు కత్తెర పెట్టరు. సావుకారు కృష్ణగిరిలో ఇద్దరి దగ్గరికి పోయాడు, ఇద్దరూ చేతులు జోడించారు. ఇంతలో వానలు మొదలయ్యాయి. టాపు లేని కొత్త జీపు సీట్లలో నీళ్లు నిలిచాయని తెలిసినప్పుడల్లా నేను టీ ఇంకొకటి తెప్పించుకుని తాగేవాణ్ణి. పదో రోజుకు మనిషిని పంపాడు, రమ్మని.

మా అన్నను బస్సులో కృష్ణగిరికి తీసుకుపోయాను. రానన్నాడు. నేను బతిమాలాను. ఉతికిన చొక్కా నేనే తొడిగాను. మామిడి ఆఖరి రోజులు, అయినా మండీ నిండుగానే ఉంది. నవ్విన మొహాలు చాలావరకు అక్కడే ఉన్నాయి, ముసలివై. సావుకారు వేలం ఆపించి, నేల చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు తళి రోడ్డులో జరిగింది డ్రైవరు తప్పు కాదు. బండిది తప్పు."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు వచ్చి అన్న భుజం పట్టుకున్నారు. నేను తల ఎత్తి నాలుగు దిక్కులా చూశాను. తొమ్మిదేళ్ల బరువు దిగిపోయిందనుకున్నాను. అప్పుడు మా అన్న నోరు విప్పాడు. ఈ తొమ్మిదేళ్లలో ఆయన ఆ రోజు గురించి ఒక్క మాట ఎత్తలేదు.

"బండిది ఏమి తప్పు సావుకారూ? దాన్ని చేసినవాళ్లు సరిగ్గానే చేసినారు. మూరెడు పొడిగించింది మీరు. వెనక బరువయితే ఎక్కుడులో తిరగదని మీకు మూడుసార్లు చెప్పినాను. మూడోసారి మీరు ఏమన్నారో గుర్తుందా? 'నీ తమ్ముడే తాడు వేసి సరిగ్గా ఉండాదని చెప్పినాడు, మేస్త్రి కంటే నీకు ఎక్కువ తెలుసా' అన్నారు. ఆ మాటతో నోరు మూసుకోని బండెక్కినాను."

మండీలో అందరూ నా వైపు చూశారు. మా అన్న నా మీద కోపంగా లేడు, గట్టిగా కూడా అనలేదు. తెలిసినది తెలిసినట్టు చెప్పి, కాలు ఈడ్చుకుంటూ బస్టాండు వైపు నడిచాడు.

సావుకారు మీద నా కోపం ఆ రోజు తగ్గలేదు, ఈ రోజుకూ తగ్గలేదు. అది అట్లాగే ఉండనీ. ఆయన కొత్త జీపుకు టాపు కుట్టి ఇచ్చాను, మాట మాటే. కానీ తొమ్మిదేళ్లూ పగ పట్టింది నేనొక్కడినే అనుకున్నాను, పట్టాల్సింది ఒక్కడి మీదే అనుకున్నాను. మా అన్న దృష్టిలో ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో ఒకడి ఇంట్లోనే ఆయన తొమ్మిదేళ్లు, రెండు పూటలా, తల వంచుకుని అన్నం తిన్నాడు.